ఏటి అవతలి లంకకు ఇంటర్నెట్: తీగ వేయాలా, గాలి మీద పంపాలా?

కరకట్ట కేబుల్ (కొల్లిపర మండలం, గుంటూరు జిల్లా)

అందరికీ నమస్కారం. కృష్ణ కరకట్టను ఆనుకొని ఉన్న ఊళ్ళో మాది కేబుల్ వ్యాపారం. నాన్నగారు డిష్షులతో మొదలుపెట్టారు, నేను ఫైబరు దాకా తెచ్చాను. ఒక ఇంటర్నెట్ సంస్థ దగ్గర ఫ్రాంచైజీ తీసుకున్నాను. తెనాలి వైపు నుంచి స్తంభాల మీదుగా ఫైబరు వస్తుంది. ఇళ్ళకు వెళ్ళే ఫైబర్లన్నీ మొదలయ్యే పెట్టె, ఓఎల్‌టీ, మా ముందు గదిలోనే ఉంది. ఊళ్ళో కనెక్షన్లు బాగానే నడుస్తున్నాయి.

చిక్కంతా ఏటి అవతల. కట్ట దిగితే పాయ, పాయ దాటితే లంక. లంకలో 180 ఇళ్ళ దాకా ఉంటాయి, అన్నీ ఒక్కచోటే, రామాలయం చుట్టూ. మిగతాదంతా అరటి, కంద, పసుపు, తమలపాకు తోటలు. వేసవిలో ఇసుకలో ట్రాక్టరు మీద వెళ్ళిపోతాం, ఆగస్టు వచ్చిందంటే పడవే గతి. సెల్ సిగ్నలు మేడ ఎక్కితే వస్తుంది, దిగితే పోతుంది. ఆన్‌లైన్ దరఖాస్తులకూ పరీక్షలకూ పిల్లలు ఇవతలికి వచ్చి మా అరుగు మీద కూర్చుంటున్నారు. వాళ్ళ పెద్దవాళ్ళు ఎదురైనప్పుడల్లా "మాకెప్పుడు ఇస్తావురా" అని అడుగుతున్నారు. జవాబు చెప్పలేక కట్ట మీదకు వెళ్ళడం తగ్గించాను.

మ్యాపులో కొలిస్తే కట్ట పక్కన మా మేనమామ మేడ నుంచి రామాలయం పక్కనున్న మేడకు 1.4 కిలోమీటర్లు. మేడ దగ్గర నుంచి 200 మీటర్లు లోపలి గట్టు, మెరక నేల. తర్వాత పాయ వర్షాకాలంలో 600 మీటర్లు. ఆ తర్వాత తోటలు, ఊరు. లంకకు కరెంటు 11 కేవీ లైను మీద పోతుంది, పాయకు అటూ ఇటూ ఎత్తయిన ఇనుప టవర్లు ఉన్నాయి.

ఆ టవర్ల మీదుగా ఫైబరు లాగమని ఒకరంటారు, రేడియో పెట్టమని ఇంకొకరంటారు. చేతిలో ఉన్నది రెండున్నర లక్షలు. అంతకు మించి అప్పు చేయనని ఇంట్లో మాటిచ్చాను. అనుభవం ఉన్నవాళ్ళు చెప్పండి.


తెనాలి గదిలో ఉద్యోగం

అన్నా, ఇంత శ్రమ అవసరమా? 2023లోనే రెండు పెద్ద కంపెనీలూ 5జీ ఎయిర్‌ఫైబరు మొదలుపెట్టాయి. డాబా మీద ఒక డబ్బా, ఇంట్లో ఒక వైఫై పెట్టె, అంతే. మా అపార్ట్‌మెంటులో తీగ తెగినప్పుడల్లా నేను దాని మీదే హైదరాబాద్ ఆఫీసు పని చేసుకుంటున్నాను. కంపెనీకి ఒక అర్జీ పెట్టించండి, కట్ట మీద టవరు వాళ్ళే వేస్తారు. మీ రెండున్నర లక్షలూ మీ దగ్గరే ఉంటాయి.


బ్రాడీపేట వైర్‌లెస్ (గుంటూరు)

నేను ఈ పనిలోనే ఉన్నాను. గుంటూరు చుట్టూ కోల్డ్ స్టోరేజీలకు, జిన్నింగు మిల్లులకు, పొలాల మధ్య ఉన్న రొయ్యల చెరువులకు రేడియో లింకులు పెడుతుంటాను. 1.4 కిలోమీటర్లు అసలు దూరమే కాదు. కట్ట వైపు మేడ మీద ఒక వైపంతా విస్తరించి ఒకేసారి చాలా ఇళ్ళకు పంపే 5 గిగాహెర్ట్జ్ సెక్టార్ యాంటెన్నా ఒకటి బిగించండి, అవతల ఇంటింటికీ చిన్న రేడియో పెట్టండి. స్తంభాలు వద్దు, తవ్వకం వద్దు, అనుమతుల కోసం తిరగడం వద్దు. ఇవాళ అడిగిన ఇంటికి రేపు నెట్ వస్తుంది.

5725 నుంచి 5875 మెగాహెర్ట్జ్ దాకా లైసెన్సు అక్కర్లేదు. యాంటెన్నాతో కలిపి బయటికి వెళ్ళే శక్తి 36 డీబీఎం (రేడియో శక్తికి కొలత) దాటకూడదు, పరికరానికి టెలికాం శాఖ వైర్‌లెస్ విభాగం ఆమోదం ఉండాలి. ఈ రెండూ చూసుకుంటే చాలు. ఫైబరు కోసం ఏటి మీద తాడాట ఆడకండి.


పటమట పాత ఇంజినీరు (విజయవాడ)

మొదట మైక్రోవేవ్ టవర్ల మీద, తర్వాత ఫైబరు మీద పనిచేసి రిటైరయిన వాణ్ణి. రెండు పక్షాల పోట్లాటా వినీ వినీ విసిగినవాణ్ణి కూడా. కాబట్టి కొంచెం పొడుగ్గా రాస్తాను, ఓపికుంటే చదవండి.

తీగా, గాలా అని అడిగారు. రెండూ కావాలి, కానీ అందరూ చెప్పే వరసలో కాదు. ఊరి దాకా ఫైబరు, ఊళ్ళో గాలి అని సర్కారు పత్రాల్లో బొమ్మ వేస్తారు. మీ లంకకు ఆ బొమ్మ పనికిరాదు. మీకు గాలి కావలసింది ఏటి మీద ఒక్కచోటే. ఏటికి ఇవతల ఎటూ ఫైబరే ఉంది. అవతల 180 ఇళ్ళ మధ్య కూడా ఫైబరే వేయండి.

బ్రాడీపేట వారు చెప్పిన సెక్టార్ పద్ధతి కోల్డ్ స్టోరేజీకి బాగుంటుంది. అక్కడ ఒకటే ఇల్లు, చుట్టూ ఖాళీ. మీ లంకలో ఇంటింటికీ రేడియో పెడితే 100 డాబాల మీద 100 డబ్బాలు అవుతాయి. వాటిలో సగం వేపచెట్ల వెనక, కొబ్బరి మట్టల వెనక పడతాయి. దూరంగా, నీరసంగా అందుకునే ఒక్క ఇల్లు సెక్టార్ సమయమంతా తినేస్తుంది. దాని వేగం తక్కువ కాబట్టి అదే డేటాకు ఎక్కువసేపు పడుతుంది, దగ్గరగా ఉన్నవాళ్ళు కూడా ఆగాలి. రాత్రి 9 గంటలకు క్రికెట్ మ్యాచ్ ఉంటే ఫోన్లన్నీ మీకే వస్తాయి. ప్రతి డబ్బాకూ కరెంటు కావాలి, ప్రతి డబ్బా మీదా పిడుగు భయమే.

అదే లంకలో మినీ ఓఎల్‌టీ ఒకటి పెట్టి స్తంభాల మీద ఫైబరు పంచితే, ఒక ఫైబరును చాలా ఇళ్ళకు చీల్చే, మధ్యలో ఉండే స్ప్లిటర్‌కు కరెంటే అక్కర్లేదు. అది గాజు, అంతే. వాన పడ్డా, మట్ట అడ్డం వచ్చినా దానికి పట్టదు. ఇలా పంచే పద్ధతిని జీపాన్ అంటారు, దాని ఒక్క పోర్టు మీద దిగువకు 2.5 గిగాబిట్లు, ఎగువకు 1.25 గిగాబిట్లు నడుస్తుంది. 180 ఇళ్ళ ఊరికి ఎప్పటికీ చాలినంత.

ఇక తెనాలి అబ్బాయికి. ఎయిర్‌ఫైబరు మంచిదే, నేను కాదనను. అయితే కట్ట మీద టవరు వేస్తే ఆ టవరుకు డేటా ఎలా వస్తుందని ఎప్పుడైనా ఆలోచించావా నాయనా? 2019 డిసెంబరులో జాతీయ బ్రాడ్‌బ్యాండ్ మిషన్ మొదలైనప్పుడు దేశంలో ఫైబరు చేరిన టవర్లు 30 శాతం దగ్గర ఉన్నాయి, వాటిని 70 శాతానికి తీసుకెళ్ళాలని లక్ష్యం పెట్టారు. మిగతావి ఒక టవరు నుంచి ఇంకో టవరుకు మైక్రోవేవ్ మీద బతుకుతున్నాయి. 4జీకి అది సరిపోయింది. ఇళ్ళల్లో టీవీలన్నీ ఎయిర్‌ఫైబరు మీదకు ఎక్కితే సరిపోదు. వైర్‌లెస్ అనేదేదీ ఫైబరును తీసేయదు. ఫైబరు ఎక్కడ ఆగుతుందో ఆ చోటును మారుస్తుంది, అంతే. తెనాలిలో నీ డబ్బా బాగా పనిచేస్తున్నదంటే, మీ వీధి చివరి టవరు కాళ్ళ దగ్గరికి ఫైబరు వచ్చి ఉంటుంది. 180 ఇళ్ళ లంక కోసం ఏ కంపెనీ టవరు వేస్తుందో, ఎన్నేళ్ళకు వేస్తుందో అడిగి చూడు.

దేశం మొత్తానికీ ఇదే కథ నడిచింది. 2011 అక్టోబరులో జాతీయ ఆప్టికల్ ఫైబర్ నెట్‌వర్క్‌కు ఆమోదం ఇచ్చినప్పుడు రెండున్నర లక్షల పంచాయతీలకు ఫైబరు చేర్చడం లక్ష్యం. 2015లో దానికి భారత్‌నెట్ అని పేరు మార్చారు. మండలం నుంచి పంచాయతీకి ఒకే గీతలా వేశారు, ఎక్కడ తెగినా దాని అవతలిదంతా చీకటి. 2023 ఆగస్టులో 1,39,579 కోట్లతో సవరించిన పథకానికి ఆమోదం ఇచ్చేటప్పుడు ఆ గీతను రింగుగా మార్చాలని రాసుకున్నారు. ఒకవైపు తెగితే రెండోవైపు నుంచి డేటా వస్తుంది. మంచి మార్పు. కానీ పంచాయతీ ఆఫీసు గోడ దగ్గర ఆగిన ఫైబరు ఇళ్ళల్లోకి నడవాలంటే మీలాంటి కేబుల్ ఆపరేటరే కావాలి.

మన రాష్ట్రంలో ఆ సంగతి ముందే గ్రహించారు. ఫైబర్‌నెట్ కోసం 20 వేల కిలోమీటర్లకు పైగా కేబుల్‌ను తవ్వకుండా కరెంటు స్తంభాల మీద వేశారు, ఇళ్ళకు ఇచ్చే పని కేబుల్ ఆపరేటర్ల చేతికి వదిలారు. 2017 డిసెంబరు 27న రాష్ట్రపతి కోవింద్ ప్రారంభించినప్పుడు నెలకు 149 రూపాయలకు 15 ఎంబీపీఎస్ అన్నారు. తర్వాత అది ఎలా నడిచిందన్నది వేరే చర్చ, ఇక్కడ మొదలుపెడితే తెల్లవారుతుంది. తవ్వడం కంటే స్తంభాల మీద వేయడం త్వరగా అవుతుందన్న లెక్క మాత్రం సరైనదే.

మీ ఏటి లెక్కకు వద్దాం. 5.8 గిగాహెర్ట్జ్ దగ్గర 1.4 కిలోమీటర్లకు గాలిలో పోయే నష్టం 110 డీబీ (సిగ్నలు హెచ్చుతగ్గులకు కొలత) చిల్లర. 36 డీబీఎం పంపి, అవతల 25 డీబీల యాంటెన్నాతో పట్టుకుంటే చేతికి వచ్చేది మైనస్ 50 డీబీఎం దగ్గర. చాలా మంచి సిగ్నలు. 80 మెగాహెర్ట్జ్ ఛానల్ మీద అటూ ఇటూ కలిపి 400 ఎంబీపీఎస్ నమ్మకంగా వస్తుంది. సాయంత్రం రద్దీలో కనెక్షనుకు సగటున రెండు, మూడు ఎంబీపీఎస్ వేసుకుంటాం. 100 కనెక్షన్లకు 250, 300. సరిపోతుంది. అయితే కాలువ ఎంత వెడల్పున్నా చేలోకి పారేది తూము పట్టినంతే. లంకలో ఎంత ఫైబరు వేసినా మీ తూము ఆ రేడియోయే. కనెక్షన్లు 130 దాటేనాటికి రెండో లింకుకు డబ్బు పక్కన పెట్టుకోండి.


కరకట్ట కేబుల్

మాస్టారూ, దండాలు. అర్థమైంది. మూడు సందేహాలు.

ఒకటి, కరెంటు టవర్ల మీదుగా ఏటికి అడ్డంగా ఫైబరే లాగేస్తే రేడియో బాధే ఉండదు కదా? రెండు, 60 గిగాహెర్ట్జ్ డబ్బాలని ఆన్‌లైన్లో అమ్ముతున్నారు, గిగాబిట్ వస్తుందంటున్నారు. ఇంకోటి, పక్క మండలంలో ఇలాగే ఏటి మీద లింకు పెట్టినతను మేలో అద్భుతంగా ఉందన్నాడు, ఆగస్టులో సిగ్నలు ఊగిపోతోందని తల పట్టుకున్నాడు. రేడియో మార్చినా అంతే. అది వాన వల్లనా?


పటమట పాత ఇంజినీరు

మూడోదే అసలైన ప్రశ్న, దాన్ని చివర చెబుతాను.

ఫైబరు లాగడం గురించి. కరెంటు లైను పక్కన వేలాడదీసే కేబుల్‌లో లోహం ఉండదు, తన బరువు తానే మోసుకుంటుంది. అందుకే స్తంభాల మీద వేయనిస్తారు. కానీ మీ దగ్గరుండే మామూలు రకం స్తంభానికీ స్తంభానికీ మధ్య వంద మీటర్ల లోపు దూరానికి చేసింది. ఒకే బిగువు మీద దూరం రెట్టింపైతే కేబుల్ నాలుగింతలు కిందికి వేలాడుతుంది. వంద మీటర్లకు 40 సెంటీమీటర్లు వేలాడేది 600 మీటర్లకు 14 మీటర్లు దాటుతుంది. వరదకు కొట్టుకొచ్చే చెట్టు కొమ్మకు అందుతుంది. పొడవు దూరాలకు వేరే కేబుల్ ఉంది, దాని బిగింపులు వేరు, లైను ఆపి కట్టే మనుషులు వేరు, విద్యుత్ పంపిణీ సంస్థ అనుమతి వేరు. అది మీ రెండున్నర లక్షల్లో అయ్యే పని కాదు. అర్జీ మాత్రం ఇవాళే పెట్టి ఉంచండి. రెండేళ్ళకు వచ్చినా మేలే, అప్పుడు రేడియో రెండో దారిగా మిగులుతుంది. ఇందాక చెప్పిన రింగు అంటే మీ స్థాయిలో అదే.

60 గిగాహెర్ట్జ్ డబ్బా కొనకండి. అమెరికాలో ఆ బ్యాండుకు లైసెన్సు అక్కర్లేదు కాబట్టి అక్కడి వీడియోలు చూసి మనవాళ్ళు ఆర్డర్లు పెడుతున్నారు. ఇక్కడ దాన్ని 5 గిగాహెర్ట్జ్‌లా స్వేచ్ఛగా వదల్లేదు. అనుమతి సంగతి పక్కన పెట్టినా, ఆ తరంగాలను గాలిలోని ఆక్సిజనే కిలోమీటరుకు 15 డీబీల చొప్పున మింగుతుంది. గంటకు 50 మిల్లీమీటర్ల జడివాన అందుకుంటే ఇంకో 17. మీ దూరానికి రెండూ కలిపి 45 డీబీ. బంగాళాఖాతంలో వాయుగుండం పడిన ప్రతిసారీ లంక మొత్తానికి నెట్ పోతుంది. అదే వానకు 5.8 గిగాహెర్ట్జ్‌లో అర డీబీ కూడా పోదు.

గాలిలో కాంతిపుంజం మీద డేటా పంపే లేజరు సంగతి కూడా ఎవరైనా అడుగుతారు కనుక చెప్పేస్తాను. గూగుల్ మాతృసంస్థ ఆల్ఫాబెట్ వారి ఎక్స్ సంస్థతో మన రాష్ట్రం 2017లోనే 2 వేల లేజరు లింకులకు ఒప్పందం చేసుకుంది. తర్వాత వాళ్ళే ఆఫ్రికాలో కాంగో నదికి అటూ ఇటూ ఉన్న బ్రజావిల్, కిన్షాసాల మధ్య 4.8 కిలోమీటర్ల లింకు పెట్టి 20 రోజుల్లో 700 టెరాబైట్లు పంపామని 2021లో ప్రకటించారు. ఏటి మీద లేజరు పనిచేస్తుందనడానికి అంతకంటే రుజువు అక్కర్లేదు. దానికి వాన కంటే పొగమంచు పెద్ద శత్రువు. సంక్రాంతి ముందు తెల్లవారుజామున కట్ట మీద నిలబడితే మీకు మీ పడవే కనపడదు కదా. అయినా ఆ పరికరం మనలాంటి వాళ్ళకు అందే ధరలో లేదు.

ఇక ఆగస్టు జబ్బు. అది వాన వల్ల కాదు, నీళ్ళ వల్ల. మేలో పాయ అంతా ఇసుక, ఎగుడుదిగుడు. దాని మీద పడిన తరంగం చెదిరిపోతుంది. ఆగస్టులో పాయ నిండితే అది అద్దం. యాంటెన్నా నుంచి నేరుగా వచ్చే తరంగం ఒకటి, నీళ్ళ మీద పడి తిరిగి వచ్చేది ఇంకొకటి. రెండూ ఒక లయలో కలిస్తే సిగ్నలు పెరుగుతుంది, ఎదురైతే ఒకదాన్నొకటి కొట్టేసుకుంటాయి. బ్యారేజీ నుంచి నీళ్ళు వదిలినప్పుడల్లా మట్టం మారుతుంది, దానితో పాటు సిగ్నలూ మారుతుంది. రేడియో మారిస్తే తగ్గే జబ్బు కాదు. పాత మైక్రోవేవ్ రోజుల్లో చెరువుల మీద, ఉప్పుటేరుల మీద లింకులు వేసేటప్పుడు మేం మొదట చూసేది ఇదే.

మందు చాలా సులువు. రెండు యాంటెన్నాలూ ఒకే ఎత్తులో పెట్టకండి. తిరుగు తరంగం నేల మీద ఎక్కడ పడుతుందన్నది రెండు ఎత్తుల నిష్పత్తిని బట్టి ఉంటుంది. ఎత్తులు సమానమైతే సరిగ్గా మధ్యలో, అంటే 700 మీటర్ల దగ్గర పడుతుంది. మీ లెక్క ప్రకారం 200 నుంచి 800 దాకా పాయ, అంటే నడి నీళ్ళలో. అదే మీ మేనమామ గారి మేడ మీద పైపు వేసి నీటి మట్టానికి 24 మీటర్ల ఎత్తున ఒకటి, లంకలో 8 మీటర్ల ఎత్తున ఇంకొకటి పెట్టారనుకోండి. నిష్పత్తి మూడుకు ఒకటి. తిరుగు తరంగం కట్ట నుంచి 1050 మీటర్ల దగ్గర పడుతుంది. అక్కడ ఏముంది? అరటి తోట. ఆకుల మీద పడి చెదిరిపోతుంది, మీ జోలికి రాదు.

ఒక్క జాగ్రత్త. యాంటెన్నాల మధ్య గీత గీసినట్టు దారి కనపడితే చాలదు, ఆ గీత చుట్టూ కొంత ఖాళీ కావాలి. మీ దూరానికి మధ్యలో నాలుగు మీటర్ల పైచిలుకు వ్యాసార్థం, అందులో కనీసం అరవై శాతం ఏ అడ్డూ ఉండకూడదు. అరటి, కంద పరవాలేదు. సుబాబుల్ ఎవరైనా వేశారేమో చూడండి. కాగితం మిల్లుల కోసం వేస్తారు, రెండేళ్ళు తిరక్కుండా మీ పైపును మించి పోతుంది. ఆకు మీద నీళ్ళుంటే 5.8 గిగాహెర్ట్జ్‌కు అది గోడే. దారిలో ఉన్న రైతుతో ముందే మాట్లాడుకోండి, ఆయన ఇంటికి మొదటి కనెక్షను ఇవ్వండి.


బ్రాడీపేట వైర్‌లెస్

ఎత్తుల సంగతి నిజమే. చెరువుల మీద నా లింకులు కొన్ని ఎందుకు ఊగుతాయో ఇప్పుడు తెలిసింది, వచ్చే వారం రెండు పైపులు దించుతాను.

సెక్టార్ విషయంలో మాత్రం మాస్టారుతో పూర్తిగా ఏకీభవించను. ఊరికి దూరంగా తోటల్లో మోటారు షెడ్ల దగ్గర కాపురం ఉండే వాళ్ళు లంకలో ఉంటారు. పదిళ్ళ కోసం కిలోమీటరు ఫైబరు వేస్తే ఎప్పటికి గిట్టుబాటు? ఊళ్ళో ఫైబరు సరే, రామాలయం మేడ మీద చిన్న సెక్టార్ ఒకటి కూడా ఉంచండి. లింకు వాడే ఛానల్‌కూ సెక్టార్ ఛానల్‌కూ మధ్య ఎడం ఉండాలి, లేకపోతే మీ రేడియోలే ఒకదాన్నొకటి అరుచుకుంటాయి.


పటమట పాత ఇంజినీరు

ఒప్పుకున్నాను. పదిళ్ళకు సెక్టారే సరి.


సింగ్‌నగర్ నివాసి (విజయవాడ)

నేను ఇంజినీరును కాను, వాడకందారును. ఒక్క మాట చెప్పి పోతాను. 2024 సెప్టెంబరులో బుడమేరు మా ఇళ్ళ మీదకు వచ్చినప్పుడు మా వీధికి నెట్ ఇచ్చే అతని ఫైబరు ఎక్కడా తెగలేదు. స్తంభాల మీద ఉన్నది ఉన్నట్టే ఉంది. ఆయన ఓఎల్‌టీ, బ్యాటరీలు కింది అంతస్తు గదిలో ఉన్నాయి, నీళ్ళు పైకప్పు దాకా వచ్చాయి. మేం మేడల మీద ఉండి పాల ప్యాకెట్ల కోసం, పడవల కోసం ఫోను చేద్దామంటే సిగ్నలు ఒకపట్టాన దొరకలేదు. అదే వరదకు ప్రకాశం బ్యారేజీ దగ్గర 11 లక్షల క్యూసెక్కులు దాటింది. ఆ నీళ్ళన్నీ మీ లంకల మీదుగానే వెళ్ళి ఉంటాయి. పెట్టెలు ఎక్కడ పెడుతున్నారో అది ముందు చూసుకోండి.


కరకట్ట కేబుల్

నిజం అన్నా. ఆ వరదకు లంకలో కింది ఇళ్ళన్నీ మునిగాయి, జనాన్ని ఇవతలి బడికి తరలించారు. రామాలయం పక్క మేడ రెండో అంతస్తు మాత్రం మునగలేదు. మెట్ల గది పైన పెట్టిస్తాను.

మాస్టారూ, కరెంటు ఎంతసేపు నిలబెట్టుకోవాలి? లంకలో గాలివాన వస్తే సాయంత్రం పోయిన కరెంటు మర్నాడు మధ్యాహ్నం దాకా రాదు.


పటమట పాత ఇంజినీరు

రేడియోకు 10 వాట్లు, చిన్న ఓఎల్‌టీకి 35, 40, స్విచ్చితో కలిపి మొత్తం 60 అనుకోండి. ఇళ్ళల్లో ఇన్వర్టరుకు వాడే 150 ఏహెచ్ బ్యాటరీలో 1800 వాట్-అవర్లు ఉంటాయి. మన్నాలంటే సగమే వాడాలి, అంటే 15 గంటలు. ఇన్వర్టరు తినేది పోను 12. రెండు బ్యాటరీలు పెడితే మీరు చెప్పిన మధ్యాహ్నం దాటుతుంది. పైకప్పు మీద సోలార్ పలక ఒకటి వేస్తే ఇంకా మంచిది. వినియోగదారుల ఇళ్ళల్లో మోడెంకు చిన్న బ్యాకప్ పెట్టుకోమని చెప్పండి. ఇక్కడ ఎంత నిలబెట్టినా వాళ్ళ పెట్టె ఆరిపోతే మిమ్మల్నే తిడతారు.

పిడుగు సంగతి మరిచిపోవద్దు. ఫైబరు మీద పిడుగు ప్రయాణించదు. పైపు మీదున్న రేడియోకు వెళ్ళే నెట్ కేబుల్ మాత్రం రాగి. ఆ పది మీటర్ల రాగి ద్వారానే ఓఎల్‌టీ దాకా వస్తుంది. పైపుకు విడిగా ఎర్తింగ్, కేబుల్ రెండు చివర్లా సర్జ్ రక్షణ, రేడియోకూ ఓఎల్‌టీకీ మధ్య రాగి సిగ్నలును కాంతిగా, కాంతిని మళ్ళీ రాగి సిగ్నలుగా మార్చే రెండు మీడియా కన్వర్టర్లు పెట్టి ఒక్క మీటరు ఫైబరు ముక్క. వెయ్యి, రెండు వేల రూపాయల్లో పోతుంది. ఏప్రిల్ గాలిదుమారాల్లో ఓఎల్‌టీ కాలితే 40 వేలు.

ఇంకో మాట. రేడియో పైపు పాతడానికి కరకట్ట మీద గుంత తీయకండి. జలవనరుల శాఖ వాళ్ళు ఊరుకోరు, ఊరుకోకూడదు కూడా. మేనమామ మేడే సరి.


కరకట్ట కేబుల్

చాలా ఉపకారం చేశారు. నీళ్ళు తగ్గాక లంకలో స్తంభాలు చూసి వస్తాను. ఒక్క చిన్న ప్రశ్న మిగిలింది. ఓఎల్‌టీ నాలుగు పోర్టులది కొనాలా, ఎనిమిది పోర్టులదా? దుకాణం అతను ఎనిమిదే కొనమంటున్నాడు.


పటమట పాత ఇంజినీరు

అతను అలాగే చెబుతాడు. నాలుగు పోర్టులు చాలు. మీ లంకలో ఏ ఇల్లూ ఓఎల్‌టీకి రెండు కిలోమీటర్లు దాటదు కాబట్టి ఒక పోర్టును 64గా చీల్చవచ్చు. మొదట ఒకటికి ఎనిమిది స్ప్లిటర్, వీధి చివర మళ్ళీ ఒకటికి ఎనిమిది. రెండింటికీ 21 డీబీ, ఫైబరుకు ఒకటి, కనెక్టర్లకు రెండు వేసుకున్నా 24. ఓఎల్‌టీ తట్టుకోగల నష్టం, అంటే బడ్జెట్, 28, ఇంకా నాలుగు చేతిలో ఉంటుంది. మూడు పోర్టులతోనే 192 ఇళ్ళు, ఒకటి పాడైతే నాలుగోది ఉంది.

ఇంట్లో మోడెం దగ్గర పవర్ మీటరు పెట్టి చూసినప్పుడు మైనస్ 25 కంటే దిగిపోతే ఆ రోజే వెతకండి. సాధారణంగా కనెక్టరు మీద దుమ్మే ఉంటుంది. స్ప్లైసింగ్, అంటే ఫైబరు కొసలను అతికే పని, మాత్రం గట్టు మీద గాలిలో చేయకండి. కేబుల్‌ను లూపు వదిలి ఏదో ఒక వరండాలోకి తెచ్చుకుని చేయండి. ఫైబరు తెంచిన కొస మీద ఇసుక రేణువు పడితే మిషను మంచిదైనా జాయింటు చెడుతుంది. తుడవడానికి చొక్కా అంచు వాడే కుర్రాళ్ళను చూశాను, వాళ్ళకు ఆల్కహాలు, పొడి గుడ్డ మీరే కొనివ్వండి.